‘శ్రుతి తప్పింది’ అనే మాట యాక్సిలరేటర్‌కి సరిపోతుందా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి): మాస్టారూ, పార్టికల్ యాక్సిలరేటర్లలో (కణాల వేగం, శక్తి పెంచే యంత్రాల్లో) రేడియో తరంగాల కేవిటీల మీద, అంటే కణాల్ని తోసే విద్యుత్ క్షేత్రం ఉండే లోహపు డబ్బాల మీద, మా డిగ్రీ పిల్లలకి తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘డీట్యూనింగ్’కి ‘శ్రుతి తప్పడం’ అనీ, ‘ఫీడ్‌బ్యాక్ కంట్రోల్’కి ‘శ్రుతి చేయడం’ అనీ పెట్టాను. బాగుందాండీ?

జవాబు (విజయనగరం నుంచి): మొదటిది ఎంతో బాగుందమ్మా. 130 కోట్ల హెర్ట్జ్ దగ్గర పనిచేసే నయోబియం కేవిటీని తీసుకో. దాని లోడెడ్ క్యూ (అనునాదం ఎంత సన్నగా, పదునుగా ఉందో చెప్పే సంఖ్య) 30 లక్షలైతే అనునాదం పలికే పట్టీ వెడల్పు 430 హెర్ట్జ్ చిల్లర, అంతే. పంపుల అదురు, హీలియం పీడనంలో మార్పు, లోపలి క్షేత్రమే గోడల్ని నెట్టడం, వీటిలో ఏదైనా చాలు, కేవిటీ అనునాద పౌనఃపున్యం పక్కకి జరగడానికి. అది శ్రుతి తప్పడమే.

రెండోది మాత్రం ఒప్పుకోలేను. మా విజయనగరంలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన సంగీత కళాశాల ఉంది కదా, అక్కడ వయొలిన్ పిల్లల్ని అడుగు. కచేరీకి ముందు బిరడా తిప్పడం శ్రుతి చేయడం. వయొలిన్‌కి మెట్లుండవు, అందుకని వాయిస్తూ చెవితో విని వేలు జరుపుకుంటారు. అది వేరే పని. కేవిటీకి బిరడా ట్యూనర్: మోటారుతోనో పియెజోతోనో (కరెంటు పెడితే సాగే పలుకుతోనో) దాని ఆకారాన్నే నొక్కుతుంది, సాగదీస్తుంది. ఫీడ్‌బ్యాక్ కేవిటీ ఒంటిని ముట్టదు. క్షేత్రాన్ని కొలిచి, కావలసిన పరిమాణంతో, దశతో పోల్చి, కేవిటీకి పవరు అందించే క్లైస్ట్రాన్‌కి వెళ్లే సంకేతాన్ని మారుస్తుంది. శ్రుతి తప్పిన కేవిటీలో కూడా, ఎక్కువ పవరు ఖర్చుపెట్టి, క్షేత్రాన్ని నిలబెట్టగలదు.

ఇంకొకరు: మరి కేవిటీకి గణిత మోడల్ రాసేటప్పుడు ఈ తేడా కనిపిస్తుందా అండీ?

జవాబు: స్పష్టంగా కనిపిస్తుంది. కోట్ల కంపనాల్ని ఒక్కొక్కటిగా లెక్కించరు. పరిమాణం, దశ కలిసిన ఒక వెక్టర్ మెల్లగా ఎలా మారుతోందో మాత్రమే రాస్తారు. పట్టీ వెడల్పులో సగం దాని వేగాన్ని నిర్ణయిస్తుంది. శ్రుతి తప్పిన మేర ఆ వెక్టర్‌ని తిప్పే పదంగా సమీకరణం లోపల కూర్చుంటుంది. కణపుంజం కూడా తన వోల్టేజీని తానే కలుపుతుంది. ఫీడ్‌బ్యాక్ వచ్చేది బయటి నుంచి, ఇన్‌పుట్ వైపు.

అన్నిటికన్నా ముఖ్యం ఆలస్యం. కేబుళ్లూ క్లైస్ట్రానూ లెక్కల చిప్పూ దాటి సవరణ చేరేసరికి కొంత కాలం గడిచిపోతుంది. ఆ లోపల గెయిన్ (తప్పుకి ఎంత గట్టిగా సవరణ ఇవ్వాలన్న మోతాదు) మరీ పెంచితే, సవరణ అదను తప్పి వచ్చి ఊగుడుని ఇంకా పెంచుతుంది. యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో ఎల్‌హెచ్‌సీ అనే పెద్ద వలయాకార యాక్సిలరేటర్‌ ఉంది, అందులో 400 మెగాహెర్ట్జ్ కేవిటీలు 16. వాటి ఎలక్ట్రానిక్స్‌ని భూగర్భంలో దగ్గరగా పెట్టింది ఈ ఆలస్యం తగ్గించడానికే. అక్కడే ఇంకో ఉపాయం, నాకు భలే ఇష్టమైనది: పుంజం 27 కిలోమీటర్ల చుట్టుని దాదాపు 89 మైక్రోసెకన్లలో పూర్తిచేస్తుంది. పుంజం వల్ల క్షేత్రంలో పుట్టే కలత ప్రతి చుట్టులోనూ మళ్లీ అక్కడే వస్తుంది కాబట్టి, ఈ చుట్టులో చూసిన తప్పుకి సవరణని కావాలనే తర్వాతి చుట్టుదాకా ఆపి ఇస్తారు.

అందుకే ‘ఫీడ్‌బ్యాక్ కంట్రోల్’కి నా ఓటు ‘సర్దుబాటు వలయం’ అన్న మాటకి. దానికి ‘పునర్నివేశం’ అనుకున్నా, ఆ మాటకి అర్థం తిరిగి లోపలికి పంపడమే, పోల్చి చూడటం అందులో వినపడదు. ‘వలయం’ ఉంటే ‘వలయపు ఆలస్యం’ కూడా తేలిగ్గా పుడుతుంది.

అడిగినవారు: మార్చేస్తాను మాస్టారూ. ఆ తర్వాతి చుట్టు ఉపాయానికి ‘మలిచుట్టు సర్దుబాటు’ అనొచ్చా?

జవాబు: అనొచ్చమ్మా, అలాగే రాసెయ్. ట్యూనర్‌ని మాత్రం ట్యూనర్‌గానే ఉంచు, ‘బిరడా’ అని ఒక్కసారి చెప్తే పిల్లలకి అర్థమైపోతుంది.