మృగశీర్ష కట్లు: సంకెళ్ళా, నడికట్టా?

వేకువచుక్క: నిన్న రాత్రి కరెంటు పోతే మేడెక్కాను. నడినెత్తికి కాస్త దక్షిణంగా మూడు చుక్కల గొల్లకావడి కనిపించగానే చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠస్థం చేసిన వాక్యం సగం గుర్తొచ్చింది: "...కట్లను విప్పగలవా?" బైబిలులోని యోబు గ్రంథమని తెలుసు. విప్పవలసినవి కృత్తికవా, మృగశిరవా? అసలు చుక్కలకు కట్లేమిటి?

పాతపంతులు: 38వ అధ్యాయం, 31వ వచనం. "కృత్తిక నక్షత్రములను నీవు బంధింపగలవా? మృగశీర్షకు కట్లను విప్పగలవా?" మృగశిర కాదండీ, మృగశీర్ష. ఆ దీర్ఘాన్ని మింగకండి.

చుక్కలలెక్క: దీర్ఘం సరే, చుక్క సరిపోయిందా? మూలమైన హీబ్రూలో ఇక్కడున్న 'కెసీల్' అంటే ఒరాయన్ అనే వేటగాడి రాశి మొత్తం. మన మృగశీర్ష అందులో తల దగ్గరి మూడు చిన్న చుక్కలే. గొల్లకావడి నడుము దగ్గర ఉంది. తలకు కడితే అది తలపాగా అవుతుంది గాని నడికట్టు ఎలా అవుతుంది?

పాతపంతులు: నడికట్టని ఎవరన్నారు? కెసీల్‌కు మూర్ఖుడనే అర్థమూ ఉంది. దేవుణ్ణి ఎదిరించిన బలశాలిని ఆకాశంలో కట్టిపడేశారని పాత కథనం. అంటే సంకెళ్ళు.

నులకమంచం: కృత్తిక సంగతి మరిచారు. అసలు తగాదా అక్కడే. మూలంలో కృత్తిక పక్కనున్న 'మఅదన్నోత్' అనే మాటను ఉన్నదున్నట్టు చదివితే ఇంపైనవి. నకార దకారాలు చోటు మారితే బంధాలు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మొదటి దారి పట్టి "మధుర ప్రభావాలు" అంది. రెండు హల్లులు తారుమారైతే మన కృత్తికకు తాడు పడింది!

వేకువచుక్క: కృత్తికలు గురుత్వాకర్షణతో ముడిపడి ఉన్నాయని, ఒరాయన్ నడుము చుక్కలు విడిపోతున్నాయని, ఇది యోబు గ్రంథంలో ముందే ఉందని ఒక ప్రసంగంలో విన్నాను.

చుక్కలలెక్క: కృత్తికలు గుంపే. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు. కానీ ఆ గుంపూ ఇంకో పాతిక కోట్ల ఏళ్ళలో చెదిరిపోతుందని అంచనా. ఆ ముడిని శాశ్వతం చేసి ప్రసంగిస్తే ఎలా? 1615లో గెలీలియో టస్కనీ రాజమాత క్రిస్టీనాకు రాసిన లేఖలో ఒక పెద్ద మతాధికారి మాట ఉంది: పవిత్రాత్మ ఉద్దేశం పరలోకానికి దారి చెప్పడమే గాని ఆకాశం నడక చెప్పడం కాదని.

పాతపంతులు: ఆ లేఖలో యెహోషువ సూర్యుణ్ణి ఆపిన ఘట్టం మీద పెద్ద చర్చే ఉంది. అన్నట్టు యెహోషువ, జాషువ ఒకే పేరు. మన జాషువా గారు సూర్యుణ్ణి ఆపలేదు గాని గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపారు! 'క్రీస్తు చరిత్ర'కు 1964లో అకాడమీ బహుమతి వచ్చిందని అందరూ అంటారు, పద్యాలు అప్పగించమంటే నోరు మెదపరు. యోబును ఆయన సీస పద్యంలో పెట్టి ఉంటేనా, ఈ కట్ల గొడవ ఉండేదే కాదు.

నులకమంచం: సీసంలో అయితే ఇంకో నాలుగు కట్లు పడేవి. నా అనుమానం తరువాతి వచనం మీద. 'ఆయిష్'ను అక్కడ సప్తర్షి అన్నారు. దాదాపు అదే మాటను 9వ అధ్యాయంలో స్వాతి చేశారు. మూలంలో "దాని పిల్లలతో" అని ఉంటే మనవాళ్ళు "ఉపనక్షత్రములు" అన్నారు. పిల్లలతో అంటే మన పిల్లలకోడే కదా!

చుక్కలలెక్క: పిల్లలకోడి కృత్తికే. దాన్ని పై వచనంలోనే కట్టేశారు. అరబ్బులు సప్తర్షులను 'బనాత్ నఅష్' అంటారు, పాడె వెంట నడిచే కూతుళ్ళు. పిల్లలు వాళ్ళే.

నులకమంచం: మా ఊళ్ళో అది మంచం. పాడె అంటే మా అమ్మమ్మ ఊరుకోదు.

వేకువచుక్క: ఇంతకీ కట్లు?

పాతపంతులు: ముందు ఆ స్వాతి సంగతి తేలనివ్వండి.