కృష్ణపట్నం బొగ్గు: ఓడ ఖర్చు టన్నుకు పోల్చాలా, వేడికి పోల్చాలా?

ముత్తుకూరు:
కరెంటు ప్లాంటుకు రెండు దిగుమతి బొగ్గు ఆఫర్లు పక్కపక్కన పెట్టుకుందాం. కలిమంతన్ (ఇండొనేషియా) నుంచి కృష్ణపట్నానికి ఫ్రైటు (ఓడ కిరాయి) టన్నుకు 11 డాలర్లు, రిచర్డ్స్ బే (దక్షిణాఫ్రికా) నుంచి 17 అనుకుందాం (లెక్క కోసమే, మార్కెట్ రేట్లు కావు). ఆరు డాలర్లు మిగులుతున్నాయని ఇండొనేషియాకు ఓటేస్తారు. అది తప్పంటాను. మనం కొనేది వేడిని, బరువును కాదు. 4200 జీఏఆర్ (కిలోకు కిలోకేలరీలు, నీటి ఆవిరితో పోయే వేడి కూడా కలిపి) బొగ్గు ఎన్ఏఆర్‌లో (ఆ పోయే వేడి తీసేశాక) దాదాపు 3800, అంటే టన్నులో 38 లక్షల కిలోకేలరీలు. దక్షిణాఫ్రికాది 5500 ఎన్ఏఆర్. పది లక్షల కిలోకేలరీలకు ఫ్రైటు 2.89, 3.09 డాలర్లు. ఆరు డాలర్ల తేడా కాస్తా 20 సెంట్లకు దిగింది. జీఏఆర్‌ను ఎన్ఏఆర్‌లోకి మార్చకుండా భాగిస్తే 2.62 వస్తుంది, తేడా 47 సెంట్లని తప్పుగా కనిపిస్తుంది. ఈ పొరపాటు తరచూ దొర్లుతుంది.

ఇక రేవులో దింపి గూడ్సు రైలు రేకులోకి ఎక్కించడానికి టన్నుకు 450 రూపాయలనుకోండి. అదే వేడికి ఇండొనేషియా బొగ్గు మీద 118, రెండోదాని మీద 82. డాలరు 90 అనుకుంటే 20 సెంట్లంటే 18 రూపాయలు. ఫ్రైటులో మిగిలిన దానికి రెట్టింపు రేవులోనే పోయింది.

బార్జి:
లెక్కతో పేచీ లేదు. కానీ కొటేషన్‌లో ఉన్న ఫ్రైటే చివరి ఫ్రైటు అనుకుని భాగిస్తున్నారు. కలిమంతన్‌లోని తబొనెయోలాంటి చోట లోడింగ్ ఓడ సముద్రంలో లంగరేసిన దగ్గర, బార్జిల (చదును పడవల) నుంచి జరుగుతుంది. వాన పడితే ఆగుతుంది, బార్జిలు ఆలస్యమైతే ఆగుతుంది. 55,000 టన్నుల సుప్రామాక్స్ ఓడకు రోజుకు 15,000 డాలర్ల డెమరేజి (గడువు దాటి ఓడను నిలిపినందుకు కట్టేది) చొప్పున నాలుగు రోజులు పోతే టన్నుకు 1.09 డాలర్లు. 3.8తో భాగించండి, మీ 20 సెంట్ల తేడా పోయి, ఇంకా 9 సెంట్లు నష్టమే వస్తుంది.

వాన గంటలు లేటైములోంచి (లోడింగుకు ఒప్పందంలో ఇచ్చిన గడువు) తీసేస్తారుగా అంటారేమో. లేటైము ఉన్నంతవరకే. అది అయిపోయాక వానైనా ఎండైనా గడియారం ఆగదు.

ఇంకోటి, కొనుగోలు ఒప్పందంలో ఓడ సిద్ధమని నోటీసు ఇచ్చిన 12 గంటలకు లేటైము మొదలవుతుందని, చార్టర్ పార్టీలో (ఓడ అద్దె ఒప్పందం) 6 గంటలకే అని రాసుంటే, ఆ ఆరు గంటలు అటు అమ్మకందారుడూ ఇవ్వడు, ఇటు ఓడవాడూ వదలడు. ఎఫ్ఓబీ (ఓడను తానే కుదుర్చుకునే) కొనుగోలుదారుడి నెత్తిన పడుతుంది. రెండు కాగితాలూ పక్కన పెట్టి క్లాజుకు క్లాజు చదవకుండా ఫ్రైటు పోల్చొద్దు. సొంత క్రేన్లు లేని, ఇంకా పెద్దదైన పనామాక్స్ ఓడ తీసుకుంటే ఫ్లోటింగ్ క్రేను డబ్బులు ఎవరివో కూడా అక్కడే తేలాలి.

బాయిలర్_660:
ఇద్దరూ కేలరీలన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. ఈ ఇండొనేషియాలాంటి తక్కువ జీసీవీ (కిలోకు వచ్చే వేడి) బొగ్గులో తేమ ఎక్కువ. అదే లోడుకు (కరెంటు ఉత్పత్తికి) మిల్లులు ఎక్కువ టన్నులు నూరాలి, ఆరబెట్టడానికి వేడిగాలి సరిపోవాలి. సరిపోకపోతే లోడు తగ్గించాల్సిందే. యార్డులో గుట్టను నొక్కి చదును చేయకపోతే దానంతటదే రాజుకుంటుంది. దక్షిణాఫ్రికా బొగ్గుతో ఈ తలనొప్పి తక్కువ, బూడిద మాత్రం ఎక్కువ. ఈ తేమ బొగ్గు ఎంత శాతం కలిపితే మిల్లులు తట్టుకుంటాయో ముందు అడిగి, ఆ తర్వాతే ఓడ మాట.

ముత్తుకూరు:
బార్జి గారూ, డెమరేజి గురించి ఒప్పుకుంటున్నా. రెండు రేవులకూ సగటు ఆలస్యం వేసే భాగించాలి. కానీ దాంతో నా పద్ధతి పోదు, లెక్క షీటులో ఒక వరుస కలుస్తుందంతే.

ఒక్కటి మాత్రం మారింది. 2025 సెప్టెంబరు 21 వరకు బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్సు, 5 శాతం జీఎస్టీ ఉండేవి. సెస్సు టన్ను మీద కాబట్టి అదే వేడికి ఇండొనేషియా బొగ్గు మీద 105, దక్షిణాఫ్రికాది మీద 73 పడేది. ఇప్పుడు సెస్సు లేదు, జీఎస్టీ 18 శాతం. దిగుమతిలో అది ఓడ ఫ్రైటు కూడా కలిసిన విలువ మీద పడుతుంది, కరెంటు జీఎస్టీలో లేదు కాబట్టి ప్లాంటుకు ఆ పన్ను క్రెడిట్‌గా తిరిగి రాదు. అంటే 11 డాలర్ల ఫ్రైటు నిజానికి 12.98, 17 అయితే 20.06. పాత షీట్లలో ఇంకా 400 వరుస ఉంటే తీసేసి మళ్లీ లెక్కేయండి. దూరం నుంచి వచ్చే ఓడ ఖర్చు ఇప్పుడు ఇంకా బరువైంది.

బార్జి:
ఇది నేను లెక్కలో వేయలేదు. అలాగైతే డెమరేజి వరుసను ఫ్రైటు కిందే విడిగా పెట్టండి, దాన్ని దిగుమతి విలువలో కలుపుతారా లేదా అన్నది కస్టమ్స్ ఏజెంటుతో తేల్చుకున్నాకే 18 శాతం వేయండి.