పాత ట్రాలీ జాకీ ఎత్తాక మెల్లగా దిగిపోతోంది: సీల్ కిట్ (లోపలి సీళ్ల సెట్టు) వేయాలా, కొత్తది కొనాలా?

పాత_స్పానర్:
3 టన్నుల ట్రాలీ జాకీ. ఎత్తడంలో లోటు లేదు, కానీ లోడు మీద ఉంచితే కాసేపటికి రెండంగుళాలు దిగుతోంది. బయట ఎక్కడా ఆయిల్ చెమ్మ లేదు. రిలీజ్ స్క్రూ (జాకీని దించడానికి విప్పేది) గట్టిగానే బిగిస్తున్నా. విప్పే ముందు ఏం చూడాలి?

ఆటోనగర్_బావ:
ముందు హ్యాండిల్ తీసేసి, రిలీజ్ స్క్రూను తిప్పే జాయింటు చూడండి. పిన్ను అరిగితే హ్యాండిల్ బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, స్క్రూకి మాత్రం ఇంకో పావు చుట్టు మిగిలే ఉంటుంది. ప్లయరుతో నేరుగా స్క్రూనే పట్టుకుని బిగించి మళ్లీ ఎత్తండి. దిగడం ఆగిందా, జబ్బు జాయింటుదే. సీళ్ల జోలికి పోనక్కర్లేదు.

ఆగకపోతే రిలీజ్ బాల్ (ఆ స్క్రూ కింద ఆయిల్ దారి మూసే చిన్న గుండు) కింద నలుసు ఉందేమో అనుకోవాలి. పాత ఆయిల్ మొత్తం వంచేసి కొత్తది పోయండి. రిలీజ్ తెరిచే ఉంచి (రెండు చుట్లకు మించి విప్పొద్దు) లోడు లేకుండా పది పదిహేనుసార్లు పంపు కొట్టండి. నలుసులు కొట్టుకుపోతాయి, గాలీ పోతుంది. వంచిన ఆయిల్ తెల్లటి గిన్నెలో చూడండి: పాలలా ఉంటే నీళ్లు చేరాయి, నల్లటి పొడి ఉంటే రబ్బరు సీల్ అరుగుతోంది, మెరుపు ఉంటే లోపల ఇనుము గీసుకుంటోంది.

డీజిల్_డబ్బా:
ఆయిల్ సంగతికొస్తే, చాలా షెడ్లలో బ్రేక్ ఆయిలే పోస్తారు కదన్నా. నడుస్తూనే ఉంటాయి.

సీళ్ల_శీను:
కొన్నాళ్లు నడుస్తాయి తమ్ముడూ. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు గ్లైకాల్ రకం. జాకీల్లో ఎక్కువగా ఉండే నైట్రైల్ రబ్బరు వాటిలో ఉబ్బి మెత్తబడుతుంది. పైగా అది గాల్లో తేమ పీలుస్తుంది, లోపల తుప్పు మొదలవుతుంది. ఇంజిన్ ఆయిల్ సీళ్లను తినకపోయినా చిక్కన, చలి ఉదయాల్లో జాకీ బద్ధకంగా దిగుతుంది. కంపెనీ కాగితం లేకపోతే 32 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ (డబ్బా మీద ఐఎస్ఓ వీజీ 32 అని ఉంటుంది) పోయండి. 2, 3 టన్నుల వాటికి చాలామటుకు అర లీటరులోపే పడుతుంది.

లెవెల్ మాత్రం జాకీ పూర్తిగా దిగి ఉన్నప్పుడే చూడాలి. ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా చాలు. ఎత్తి ఉన్నప్పుడు నిండా పోస్తే, దిగేటప్పుడు వెనక్కి వచ్చే ఆయిల్‌కి చోటుండదు. ప్లగ్గు దగ్గర కక్కేస్తుంది, లేదా జాకీ సగంలో ఆగిపోతుంది.

పాత_స్పానర్:
జాయింటు బాగానే ఉంది, ఆయిల్ మార్చినా దిగుడు తగ్గలేదు. దిగేటప్పుడు హ్యాండిల్ మాత్రం తనంతట తాను కదలడం లేదు.

ఆటోనగర్_బావ:
హ్యాండిల్ తనంతట తానే పైకి లేస్తుంటే పంపు దగ్గరి డెలివరీ బాల్ (పంపిన ఆయిల్‌ని వెనక్కి రాకుండా ఆపే గుండు) సరిగా మూసుకోవడం లేదని లెక్క. మీకు అది కాదు. ఇక రిలీజ్ బాల్ కూర్చునే సీటు, లేదంటే ర్యామ్ (ఆయిల్ ఒత్తిడికి కదిలి జాకీని ఎత్తే కడ్డీ) కప్పు, అంటే దాని సీల్. కప్పు దాటిన ఆయిల్ చాలా మోడళ్లలో లోపలి ట్యాంకులోకే పోతుంది, అందుకే బయట చెమ్మ కనబడదు.

రిలీజ్ స్క్రూ విప్పి బాల్‌ని అయస్కాంతంతో తీయండి. సీటు తుడిచి, పాత బాల్ అందులో పెట్టి, ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో ఒక్కటే దెబ్బ, తేలిగ్గా. తర్వాత అదే సైజు కొత్త బాల్ వేయాలి. మిగతా బాళ్లు వేరే సైజులు, కలిపేస్తే అసలు ఎత్తదు. విప్పుతూనే ఫోటోలు తీసుకోండి. రంగు పూసి మూసిన ఓవర్‌లోడ్ స్క్రూ (పరిమితికి మించి బరువు ఎత్తకుండా ఆపేది) కనబడితే తాకొద్దు. "బలం పెంచుతా" అని దాన్ని బిగించే మేధావులు ఉంటారు, వాళ్ల మాట వినకండి.

సీళ్ల_శీను:
ర్యామ్ దాకా వెళ్తే చేతులతో జాగ్రత్త. వెనక్కి లాగే స్ప్రింగులు బిగువులో ఉంటాయి, ముందు వాటిని విడిపించాలి. కప్పు పెదవి ఒత్తిడి వచ్చే ఆయిల్ వైపే తిరగాలి. ఓ-రింగు పక్కన తెల్లటి టెఫ్లాన్ రింగు ఉంటే అది ఒత్తిడికి అవతలి వైపు. స్క్రూడ్రైవరుతో గుచ్చి ఎక్కించొద్దు, కంటికి కనబడని చీలిక చాలు.

కిట్ దొరక్కపోతే పాత రింగు వెంట తీసుకెళ్లి సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో సీళ్ల షాపులో అడగండి. ఉబ్బిన రింగు కొలత అబద్ధం చెబుతుంది. గాడి వెడల్పు, లోతు వెర్నియరుతో కొలిచి పట్టుకెళ్లండి.

డీజిల్_డబ్బా:
మరి ఎప్పుడు వదిలేయాలి?

సీళ్ల_శీను:
ర్యామ్ మీద గోరు పెట్టి లాగితే గుంటకి తగులుకుందా, కొత్త సీలుని కూడా అది కోసేస్తుంది. పైపై తుప్పయితే 1500 నంబరు ఎమరీతో, నూనె వేసి రుద్దితే పోతుంది. వెల్డు పగిలినా, జాకీ ఎత్తే చేయి వంకరపోయినా, పిన్ను రంధ్రం కోలగా అయినా రిపేరు మాటే వద్దు.

ఇంకోటి, ఎత్తేటప్పుడు జాకీ చక్రాలు దొర్లాలి. చేయి వంపుగా లేస్తుంది కాబట్టి చక్రం మట్టిలో ఇరుక్కుంటే బండిని పక్కకు లాగుతుంది. చక్రాలకి, చేతి పిన్నులకి లిథియం గ్రీజు పెట్టండి. దించి ఉంచితే ర్యామ్ లోపలే ఉండి తుప్పు పట్టదు.

పాత_స్పానర్:
రిలీజ్ బాల్, ర్యామ్ కప్పు రెండూ మార్చేస్తా. పరీక్ష ఎలా?

ఆటోనగర్_బావ:
గట్టి కాంక్రీటు మీద ఒక చక్రం నేల వదిలేదాకా ఎత్తండి. స్టాండు ఛాసీకి అంగుళం కిందుగా పెట్టి, ఆ సందు కొలిచి, అరగంట తర్వాత మళ్లీ కొలవండి. అది నిలబడినా సరే, స్టాండ్ల మీదికి దించకుండా బండి కిందికి ఎవరూ దూరొద్దు.