గండికోట దారిలో ఇల్లు టూరిస్టులకు ఇస్తున్నాం, వంటింట్లో ఏమేం పెట్టాలి?

పెన్నాగట్టు:
నమస్తే అందరికీ. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో మా నాయన కట్టించిన ఇల్లుంది. రెండు బెడ్‌రూములు, హాలు, కడప బండ గట్టున్న వంటిల్లు, వెనక వేపచెట్టు కింద కొంచెం జాగా. అమ్మానాయనలు ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు, ఇల్లు ఊరికే తాళం వేసి పెట్టడం ఎందుకని చలికాలం సీజన్‌కు రోజువారీ అద్దెకు ఇద్దామనుకుంటున్నాం. వచ్చేది ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్ ఫ్యామిలీలు, ఐదారుగురు ఒక కారులో. వండిపెట్టే మనిషిని పెట్టే స్తోమత లేదు కాబట్టి వాళ్లే వండుకునేటట్టు వంటిల్లు ఇవ్వాలని. మా ఆవిడ రాసిన లిస్టు చూస్తే పెళ్లి సారెకు రాసినట్టుంది, అంతా కొంటే మొదటి సీజన్ డబ్బులన్నీ దానికే పోతాయి. నిజంగా వాడేవి ఏవి, మూలన పడుండేవి ఏవి? గ్యాస్ పెట్టాలా, ఇండక్షన్ చాలా? బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటాయి, దానికేం చేస్తారు? ఇలాంటి ఇల్లు నడుపుతున్నవాళ్లు చెప్పండి.

తాడిపత్రి అక్క:
తమ్ముడూ, మాది తాడిపత్రిలో మేడ మీద పోర్షన్. బెలుం గుహలకు పోయేవాళ్లు, ఇక్కడ బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి చూసేవాళ్లు దిగుతుంటారు. నేను చూసినంతలో టూర్ మీద వచ్చినవాళ్లు పెద్ద వంటలు చేయరు. పొద్దున కాఫీ టీ, పిల్లలకు పాలు, రాత్రికి అన్నం పప్పో టమాటా పులుసో, లేదంటే ఉప్మా. మధ్యాహ్నం ఎట్లా బయటే ఉంటారు. కాబట్టి ఈ మూడు నాలుగు పనులు అడ్డం లేకుండా జరిగేటట్టు చూడు, మిగతావి తర్వాత.

కుక్కర్లు రెండు ఉండాలి, ఐదు లీటర్లది అన్నానికి, మూడు లీటర్లది పప్పుకు. రెండూ ఒకే కంపెనీవి తీసుకో, గ్యాస్కెట్లు, సేఫ్టీ వాల్వులు ఎక్స్‌ట్రా కొని డ్రాయర్‌లో పెట్టు. రాత్రిపూట గ్యాస్కెట్ సాగిపోయిందని ఫోన్ చేస్తే నువ్వు జమ్మలమడుగు షాపులు తెరిపించలేవు కదా. పాలకు ఒక గిన్నె విడిగా ఉంచు, అందులో కూర వండొద్దని దాని మీదే పెయింట్‌తో రాయించు, వినేవాళ్లు వింటారు. అడుగు మందంగా ఉండే బాండ్లి ఒకటి, దోసె పెనం ఒకటి. నాన్‌స్టిక్ జోలికి అసలు పోవద్దు, ఎవరో ఒకరు స్టీలు అట్లకాడతో గీకేస్తారు, రెండో నెలకే పూత లేస్తుంది, అట్లాంటి పెనం మీద ఇంకొకరికి తిండి పెట్టాలంటే నాకు మనసొప్పదు. ఇనుప పెనం కొని, ప్రతి గెస్టూ పోయాక కడిగి ఆరబెట్టి నూనె చుక్క రుద్దించు.

ఆరుగురికి పళ్లేలు, గ్లాసులు పది చొప్పున పెట్టు. ఆరే పెడితే పొద్దున తిన్నవి తోమనిదే రాత్రికి తినలేరు. పింగాణీ వద్దు, స్టీలే. చాకు మాత్రం ఖరీదైనది ఒకటి కొను. నేను వేరేచోట దిగినప్పుడల్లా చూస్తుంటా, ఇల్లంతా కొత్త సామాను ఉంటుంది, చాకుతో మాత్రం టమాటా కూడా తెగదు.

ఇంకో మాట. అహోబిలం పోతూ దారిలో దిగేవాళ్లలో శాకాహారులు బాగా ఉంటారు. మాంసం వండిన గిన్నెల్లో వాళ్లు వండుకోరు, అడగడానికీ మొహమాటపడతారు. ఒక కుక్కరు, రెండు గిన్నెలు, ఒక గెంటె వేరే ట్రంకుపెట్టెలో తాళం వేసి ఉంచు, బుకింగ్ అప్పుడే నువ్వే అడిగి ఇవ్వు. మా దగ్గర ఆ పెట్టె చూసి ఒక పెద్దామె ఎంత సంతోషపడిందో, ఆ తర్వాత వాళ్ల బంధువులు కూడా మా దగ్గరికే వస్తున్నారు.

కరెంటు పని, కడప:
అన్నా, ఇండక్షన్ ఒక్కటే పెడితే కరెంటు పోయినప్పుడు వాళ్ల గతేంటి? ఇండక్షన్ 2000 వాట్లు లాగుతుంది, ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టర్ దాన్ని మోయలేదు. పైగా అడుగు సమంగా ఉండి అయస్కాంతం అంటుకునే గిన్నెలే దాని మీద పనిచేస్తాయి, సత్తు గిన్నెలు పనికిరావు. రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్ పెట్టి, ఇండక్షన్ తోడుగా ఉంచుకో. అయితే ఇంట్లో వాడే 14.2 కేజీల ఎర్ర సిలిండర్ అద్దె ఇంటికి తెచ్చి పెట్టొద్దు, అది ఇంటి అవసరానికే ఇచ్చేది. ఏజెన్సీకి పోయి వ్యాపారానికి వాడే 19 కేజీల సిలిండర్ కనెక్షన్ అడుగు. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, అందుకని సిలిండర్ దగ్గర నేలకు ఆనుకుని గాలి బయటికి పోయే సందు ఉండాలి. నారింజ రంగు సురక్ష ట్యూబు మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చేయాలి. లీకేజీకి ఫోన్ చేయాల్సిన 1906 నంబరు స్టవ్ పైన గోడకు అంటించు.

వైరింగ్ సంగతి ఎవరూ అడగరు, నేనే చెప్తున్నా. పాత ఇల్లంటున్నావు. కెటిల్, ఇండక్షన్, గీజర్ ఈ మూడూ 16 ఆంపియర్ల ప్లగ్గుల్లోనే పెట్టాలి, ఒక్కోదానికి బోర్డు నుంచి విడిగా లైను లాగించు. చలికాలం పొద్దున ఐదింటికి ఏం జరుగుతుందో ఊహించుకో. సూర్యోదయానికి కోట మీదికి పోవాలని అందరూ ఒకేసారి లేస్తారు, గీజర్ ఆన్, కెటిల్ ఆన్, ఇండక్షన్ మీద పాలు. పాత సన్న వైరు మీద అంతా పడితే ప్లగ్గు కాలిన వాసన వస్తుంది. షాక్ కొట్టేటట్టుంటే కరెంటును వెంటనే ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా వేయించు, ఎర్త్ గుంతలో నీళ్లు ఎండిపోయాయేమో చూడు, ఎండాకాలంలో మన నేల బండలాగా అయిపోతుంది. తడి చేతులతో కెటిల్ ముట్టుకునేది పరాయి ఇంటి పిల్లలు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అనంతపురం టు బెంగళూరు:
నేను గెస్టుగా చెప్తా. మేం బెంగళూరులో ఉంటాం, లాంగ్ వీకెండ్ వస్తే ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మతో కలిసి ఇటువైపే వస్తాం. లేపాక్షి, గుత్తి కోట, గండికోట అన్నీ వంటిల్లున్న ఇళ్లలో దిగే చూశాం. హోస్టులు మైక్రోవేవ్, టోస్టర్ ఫోటోలు పెడతారు కానీ మాకు కావలసింది ఫ్లాస్కు. చీకట్లో పిల్లల్ని లేపి కోటకు తీసుకుపోతాం, లోయ అంచున చలిగాలి కొడుతుంటుంది, ఆ టైంలో అక్కడ టీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. లీటరు స్టీలు ఫ్లాస్కు ఒకటి, మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బాలు రెండు మూడు పెట్టండి చాలు, బంగారంలా చూసుకుంటాం.

రెండోది, సరుకులు. రాత్రి తొమ్మిదికి దిగేవాళ్లకు ఉప్పు కూడా దొరకదు. చిన్న ప్యాకెట్లలో ఉప్పు, పంచదార, టీ పొడి, పసుపు, కారం, అరలీటరు నూనె, కేజీ సోనామసూరి, పావుకేజీ కందిపప్పు కొత్తవి పెట్టి డబ్బులు అద్దెలోనే కలిపేయండి. దయచేసి ముందువాళ్లు వాడి మిగిల్చిన నూనె, సగం తెరిచిన కారం ప్యాకెట్ ఉంచొద్దు, అవి చూడగానే వంట చేయబుద్ధి కాదు. మిక్సీ మాత్రం పెట్టండి. చట్నీ లేకుండా మా అత్తమ్మ దోసె ముట్టదు, చెనిక్కాయలు మేమే తెచ్చుకుంటాం.

తాడిపత్రి అక్క:
ఫ్లాస్కు మాట నూటికి నూరుపాళ్లు నిజం. నీళ్ల సంగతి మర్చిపోయా తమ్ముడూ. తాగడానికి ఆర్వో పెట్టించినా సరే, 20 లీటర్ల క్యాను ఒకటి నిండుగా ఉంచు. ఆర్వోకు కరెంటు కావాలి, ఫిల్టర్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. బోరు నీళ్లు కెటిల్‌లో కాస్తే అడుగున తెల్లగా పొలుసు కట్టేస్తుంది, కొత్తవాళ్లు అది మురికనుకుని రివ్యూలో రాస్తారు. వారానికోసారి చెంచాడు నిమ్మఉప్పు వేసి నీళ్లు కాచి, కాసేపు వదిలేసి పారబోస్తే పోతుంది. అయితే ఆ నీళ్లు మీ గట్టు మీద పడనీయొద్దు. కడప బండ సున్నపురాయి, పులుపు తగిలితే మెరుగు పోతుంది. మా గట్టు మీద ఎవరో కోసిన నిమ్మచెక్క రాత్రంతా బోర్లించి వదిలేశారు, పొద్దునకు నల్ల బండ మీద గుండ్రంగా బూడిదరంగు మచ్చ, వేలితో తడిమితే ఆ చోట గరుగ్గా తగులుతుంది, ఎంత తోమినా పోలేదు. ఇప్పుడు కోయడానికి పెద్ద చెక్కపలక, పక్కనే స్టీలు ట్రే పెట్టాను. చింతపండు నానబెట్టే గిన్నె కూడా ట్రేలోనే పెట్టమని కాగితం అంటించా.

సంగటి వండుకోవాలని అడిగేవాళ్లూ ఉంటారు, కర్ణాటకవాళ్లకు అది రోజూ తినే ముద్దే కదా. మందపాటి గిన్నె, సంగటి కట్టె పెట్టి చూడు. వంద రూపాయలు కూడా పట్టని కట్టె, దాని ఫోటో పెట్టనివాళ్లు లేరు మా దగ్గర.

పెన్నాగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. లిస్టులో నుంచి టోస్టర్, మైక్రోవేవ్, డిన్నర్ సెట్ కొట్టేశాం, ఆ డబ్బులు వైరింగ్‌కు మళ్లిస్తున్నా. ట్రంకుపెట్టె అటక మీద అమ్మదే ఉంది. ఎర్త్ గుంత ఎక్కడ తవ్వించారో నాయనకే గుర్తులేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తున్నా. దుప్పట్లు మంచానికి ఎన్ని జతలు? విదేశీయులు వస్తే ఏమైనా రాయించాలా? అక్కా, సంగటి కట్టె ఎంత పొడవుండాలి, ఇక్కడ వడ్రంగి దగ్గరే చేయిస్తా.

కరెంటు పని, కడప:
గుంత దొరక్కపోతే వెతుకుతూ కూర్చోవద్దు, కొత్తది వేయించెయ్. విదేశీయులైతే పాస్‌పోర్టు, వీసా కాపీలు తీసుకుని 24 గంటల లోపల ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం నింపాలి, అది ఇల్లయినా హోటలైనా తప్పదు. మనవాళ్లయితే ఐడీ కాపీ తీసి రిజిస్టర్ రాసుకో.

తాడిపత్రి అక్క:
మంచానికి మూడు జతలు, ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. తెలుపు తీసుకోకు, మన దుమ్ముకు నిలవదు. కట్టె స్టవ్ మీదికైతే మూరెడు చాలు, అంతకన్నా పొడవైతే గెలికేటప్పుడు గిన్నె ఒరుగుతుంది. కొన పలకగా చెక్కించు, పిడి పట్టు పిడికిలికి సరిపోవాలి. రెండు చేయించు, ఒకటి ట్రంకుపెట్టెలోకి.