అమ్మ ట్రెండీగా ఉండి తీరాలా?

ప్రశ్న (ఒక తల్లి):
మా అమ్మాయికి పదమూడేళ్లు. ఈ మధ్య నేను ఏం వేసుకున్నా, ఏం మాట్లాడినా తనకు నామోషీగా ఉంటోంది. బడి గేటు దగ్గర నన్ను చూడగానే నడక వేగం పెంచి నాలుగడుగులు ముందు నడుస్తుంది. తన స్నేహితురాలి తల్లి కూతురితో కలిసి రీల్స్ చేస్తారట, ఒకరి టీషర్టులు ఒకరు వేసుకుంటారట. "నువ్వూ కాస్త అప్‌డేట్ అవ్వచ్చు కదమ్మా" అని మొన్న మొహమ్మీదే అనేసింది. అప్పటి నుంచి అద్దంలో నా జుట్టు మొదలుకొని చెప్పుల దాకా అన్నీ పాతబడినట్టే కనిపిస్తున్నాయి. పిల్లలకు దగ్గరగా ఉండాలంటే తల్లులు కొత్త ఫ్యాషన్ల వెంట, కొత్త మాటల వెంట పరుగెత్తవలసిందేనా? అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

సమాధానం 1 (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని):
మీ చెప్పులకూ ఈ సమస్యకూ సంబంధం తక్కువండీ. ఈ వయసులో పిల్లలకు లోకమంతా తమనే చూస్తోందని, తమ మొటిమ మొదలుకొని తమ వెంట వచ్చిన మనిషి దాకా అన్నింటినీ అంచనా వేస్తోందని గట్టి నమ్మకం ఉంటుంది; మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో దీన్నే 'ఊహాజనిత ప్రేక్షకులు' అన్నారు. ఆ ప్రేక్షకుల ముందు తల్లి కూడా బిడ్డ వేషధారణలో ఒక భాగమే. కాబట్టి మీరు రేపు చిరుగుల జీన్స్ వేసుకుని వెళ్లినా ఆ నాలుగడుగుల దూరం తగ్గకపోవచ్చు, ఎనిమిది అయినా ఆశ్చర్యం లేదు. రీల్స్ చేసే తల్లులున్న పిల్లలు "మా అమ్మను ఆపించండి టీచర్" అని నా దగ్గర మొర పెట్టుకోవడమూ ఉంది. ఆ మాట మాత్రం వాళ్లు ఇంట్లో అనరు.

సమాధానం 2 (ఇద్దరు అబ్బాయిల తల్లి):
పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, అసలు పట్టించుకోనక్కర్లేదంటే ఒప్పుకోలేను. బట్టల సంగతి పక్కన పెట్టండి. పిల్లలు ఏ యాప్‌లో గంటలు గడుపుతున్నారో, అక్కడ అపరిచితులు వారికి సందేశాలు పంపగలరో లేదో తెలియని తల్లి, అవసరం వచ్చిన రోజున సలహా చెప్పలేదు. మా పెద్దవాడు ఆడే ఆటను నాకు నేర్పమని అడిగాను. చిత్తుగా ఓడిపోతూ కూర్చున్న ఆ గంటలో, అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా చెప్పని సంగతులు వాడంతట వాడే చెప్పాడు. ఇక కొత్త రంగు జుట్టో, కొత్త రకం దుస్తులో మీకే ముచ్చటగా ఉంటే నిక్షేపంగా వేసుకోండి, దానికి అమ్మాయి అనుమతి ఎందుకు? ఆమె మెచ్చుకోలు కోసమే అయితే మాత్రం వద్దు. వారి అభిరుచి మీరు అలవాటు చేసుకునేలోపే మారిపోతుంది.

సమాధానం 3 (ఒక కూతురు):
నేను అవతలి పక్షం నుంచి రాస్తున్నాను. మా అమ్మ నా స్నేహితులందరికీ ఇష్టమైన 'కూల్ ఆంటీ'. మా యాసలో మాట్లాడేది, మా గ్రూపులో జోకులు పెట్టేది, అందరి ప్రేమకథలూ ఆమెకు తెలిసేవి. చూసేవారికి ముచ్చటగానే ఉండేది. అయితే నా స్నేహితులతో నాకు గొడవ వచ్చినప్పుడు ఇంటికి వచ్చి చెప్పుకుందామంటే, ఆమె అప్పటికే వాళ్ల వైపు కథ వినేసి ఉండేది. ఆ వయసులో నాకు ఇంకొక స్నేహితురాలు అక్కర్లేదు, పది గంటల తర్వాత ఫోన్ లాక్కునే మనిషి కావాలి. ఆప్యాయత, కట్టుబాటు రెండూ కలిసిన పెంపకమే పిల్లలకు మేలు చేస్తుందని మనస్తత్వవేత్త డయానా బౌమ్రిండ్ 1960ల నుంచీ చెబుతూ వచ్చారు. మా ఇంట్లో మొదటిదానికి కొదవ లేదు, రెండోది మాత్రం లేదు.

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ ధన్యవాదాలు. రీల్స్ ఆలోచన మానుకున్నాను. గేటుకు కాస్త అవతల, చెట్టు కింద ఎదురుచూస్తే సరిపోతుందా అని నిన్న అమ్మాయిని అడిగితే వెంటనే ఒప్పుకుంది. జుట్టు మాత్రం కత్తిరించుకుంటున్నాను. అది చాలాకాలంగా నాకున్న కోరికే.