అప్‌డేట్: ఫైబ్రాయిడ్ టాబ్లెట్ వల్ల గర్భసంచి పొర మందమైందని అడిగా కదా, బయాప్సీ రిపోర్ట్ వచ్చింది

పోయిన నెల అడిగింది నేనే, ఫైబ్రాయిడ్స్‌కి (గర్భసంచిలో గడ్డలు) యులిప్రిస్టల్ అనే టాబ్లెట్ మూడు నెలలు వాడాక పీరియడ్స్ ఆగిపోయి స్కానింగ్‌లో లోపలి పొర 17 ఎంఎం అని వచ్చింది, క్యాన్సరేమో అని. కాదండీ!! మొన్న సూర్యారావుపేటలో రెండు గంటలు కూర్చుంటే డాక్టరమ్మ రిపోర్ట్ చూసి నవ్వేసి, కాగితం మీద చిన్న చిన్న సున్నాలు గీసి చూపించారు, ఈ మందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పని అడ్డుకుంటుంది కాబట్టి పొరలో గ్రంథులు నీటి బుడగల్లా ఉబ్బుతాయంట, అందుకే స్కానింగ్‌లో మందంగా కనపడుద్ది, దీన్ని పీఏఈసీ అంటారంట. మందు ఆపి పీరియడ్స్ మొదలయ్యాక కొన్ని నెలల్లో మామూలుగా తగ్గిపోద్ది, 3 నెలలు దాటినా అలాగే ఉంటే మాత్రం మళ్ళీ చూడాలన్నారు.

ఒక్కటి చెప్పాలి, బయాప్సీ ఫారంలో మందు పేరు రాయలేదు ముందు, నేనే ఫోన్ చేసి రాయించా. అది తెలీకపోతే ల్యాబ్‌ వాళ్ళు వేరే జబ్బనుకునే ఛాన్స్ ఉందంట, మీరూ తప్పకుండా చెప్పండి.

లివర్ టెస్ట్ కూడా చేయించారు, నార్మలే. 2020లో యూరప్‌లో లివర్ దెబ్బతిన్న కేసుల వల్లే ఈ మందుని తాత్కాలికంగా ఆపించారు మరి. మా అత్తయ్య మాత్రం ఇంకా గుణదల మొక్కు తీర్చాల్సిందే అంటున్నారు, సరే ఆదివారం వెళ్తున్నాం.