మిషన్లు కొంటే టెక్నాలజీ వచ్చేస్తుందా?

ప్రశ్న (ఎంఏ విద్యార్థిని):
అమెరికాలో 1909 నుంచి 1949 దాకా పనిగంటకు వచ్చే ఉత్పత్తి రెట్టింపయింది. అందులో ఎనిమిదింట ఏడు వంతులు సాంకేతిక ప్రగతి వల్లేనని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో లెక్కగట్టాడు. మరి మనలాంటి దేశానికి ఆ ప్రగతి ఎక్కడినుంచి వస్తుంది? మా పుస్తకంలో సూత్రంలో దానికి ఒక అక్షరం పెట్టి, అది ఎలా వస్తుందో చెప్పకుండా వదిలేశారు.

జవాబు (రిటైర్డ్ కెమిస్ట్, హైదరాబాద్):
అమ్మా, నేను కళ్లారా చూసింది చెబుతాను. సోవియట్ సాయంతో కట్టిన బాలానగర్ ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీలో 1978లో షిఫ్ట్ కెమిస్టుగా చేరాను. ఐదేళ్ల తర్వాత జీడిమెట్లలో ఒక చిన్న బల్క్ డ్రగ్ (మాత్రల్లో కలిపే అసలు మందు) యూనిట్‌కు మారాను. రియాక్టర్ కొత్తది, ప్రాసెస్ కాగితం చేతిలో ఉంది. అయినా మూడు బ్యాచ్‌లు వరుసగా పోయాయి. స్ఫటికాలు కట్టకుండా సరుకంతా జిడ్డులా అడుగున పేరుకునేది. కాగితంలో ‘చల్లబరిచి వడకట్టాలి’ అని మాత్రమే ఉంది. పాత ప్లాంటులో నాకు పని నేర్పిన సీనియర్‌ను బతిమాలితే రాత్రి పదింటికి స్కూటర్ మీద వచ్చారు. "రియాక్టర్ చుట్టూ ఉన్న జాకెట్‌లోకి చల్లనీళ్లు అంత తొందరగా వదలకు. ముందు చిటికెడు సీడ్, అంటే ఇదివరకే స్ఫటికాలు కట్టిన అదే మందు, వెయ్యి" అన్నారు. తెల్లారేసరికి తెల్లటి పొడి చేతికొచ్చింది. మిషనుతో పాటు రానిది అదే.

ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా సంస్థగా ప్రకటించారు. కానీ అక్కడ పని నేర్చుకున్నవాళ్లు ఊరంతా ఫ్యాక్టరీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారూ అక్కడ పనిచేసినవారే. చట్టం కూడా కలిసొచ్చింది. 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం మందు తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. అందుకని వేరే దారిలో అదే మందు చేయగలిగాం. 2005లో ఆ వెసులుబాటు పోయేనాటికి చేతులు పని నేర్చేశాయి.

జవాబు (పటాన్‌చెరు దగ్గరి రైతుబిడ్డ):
సార్, మీ మాట నిజమే. మా పొలం నక్కవాగు పక్కనే. చిన్నప్పుడు అందులో ఈత కొట్టాను, ఇప్పుడు గొడ్లను కూడా దించం. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఎదుగుదల లెక్కలో ఈ నష్టం ఎక్కడ రాస్తారు?

ప్రశ్న అడిగినవారు:
ఇంకొక్కటి సార్. అంత నేర్చుకున్నాక మందుల ముడిసరుకు చైనా నుంచి ఎందుకు తెస్తున్నాం?

జవాబు (రిటైర్డ్ కెమిస్ట్):
బాబూ, వాగు సంగతి కాదనను. మందు తయారీలో వాడే సాల్వెంట్‌ను (ద్రావకాన్ని) మురుగులోకి వదలకుండా తిరిగి రాబట్టడం మాకు తెలుసు. ఆ ఖర్చు పెట్టించే పట్టుదల ఎవరికీ లేకపోయింది. అది మా తరం చేసిన తప్పే.

అమ్మా, యాంటీబయాటిక్‌ల తయారీకి ముడిసరుకైన పెన్సిలిన్-జి చూడండి. ఒకప్పుడు మన దేశంలోనే చేసేవాళ్లం. చైనా సరుకు చవగ్గా రావడంతో ప్లాంట్లు మూతపడ్డాయి. బూజును పెంచే ఆ ఫర్మెంటర్ల దగ్గర రాత్రుళ్లు కాపలా కాసినవాళ్లు రిటైరయ్యారు, వాళ్ల తర్వాత ఎవరూ నేర్చుకోలేదు. ఇప్పుడు కాకినాడ దగ్గర మళ్లీ ఆ ప్లాంటు పెట్టారు. ఎంత పెట్టుబడి పెట్టారని అందరూ అడుగుతున్నారు. అక్కడ నైట్ షిఫ్టులో కుర్రాళ్ల పక్కన నిలబడి నేర్పేది ఎవరని నేను అడుగుతున్నాను.